కొత్త ఇనుము

అంతా నోరు చేసిన పని. చెవి తప్పేం లేదు, అది విన్నది, అంతే. విన్నదాన్ని కడుపులో పెట్టుకోవాల్సిన నోరు మొన్న గురువారం సాయంత్రం అండాలు నడిపే కల్లు దుకాణంలో నలుగురి ముందు ఒలకబోసింది. దాని ఫలితం ఇదిగో, ఆదివారం పొద్దున పది గంటల ఎండలో పాటిగడ్డ మీద గుర్వయ్య నిలబడి ఉన్నాడు, చేతిలో తన సొంత ఇనుప సలాక, వెనక ఎనిమిది మంది మిలిట్రీ సిపాయిలు, పక్కన మీసాలు కొరుక్కుంటున్న సుబేదారు. సుబేదారుది ఒకటే మాట, తుపాకులు ఎక్కడున్నాయో చూపించు. చూపిస్తే ఇనాము. చూపించకుండా ఆ తర్వాత దొరికితే నిన్నూ తీసుకుపోతాం, ఎవరి జాగాలో దొరికితే వాళ్లనూ తీసుకుపోతాం. ఆ జాగా ఎవరిదో గుర్వయ్యకు తెలుసు. గడ్డకు తూర్పు వైపు ముళ్లకంప కట్టి గొర్రెల దొడ్డి పెట్టుకున్నది అతని చెల్లెలు సైదమ్మ. తుపాకులు ఆ దొడ్డి కిందే ఉన్నాయి, అతని లెక్క ప్రకారం. ఆ లెక్క తప్పాలని ఇప్పుడు మొక్కుకుంటున్నాడు గానీ ఇరవై ఏళ్లలో అతని చెవి లెక్క తప్పింది లేదు. సలాకను మట్టిలోకి దించాడు. మూరెడు దిగి ఆగింది. చింతకర్ర ముక్కతో సలాకను చిన్నగా కొట్టి, పైనున్న వెదురు పిడికి చెవి వెనక ఎముకను ఆనించాడు. కుండపెంకు. "పెంకు, సాబ్" అన్నాడు. సిపాయి సున్నంతో గీత గీశాడు. ఒక అడుగు ముందుకు.

చిట్యాల బడిలో చప్రాసీ అతను. గంట కొట్టడం, నీళ్లు తేవడం, రిజిస్టర్లు మోయడం. గొర్రెల వెంట తిరిగే కురుమ ఇంట్లో పుట్టి నౌకరీ చేసిన మొదటివాడని ఊళ్లో కొందరికి గౌరవం, కొందరికి నవ్వు. నిజాం కాలంలో శుక్రవారం సెలవు. పోలీసు యాక్షన్ అయ్యాక సెలవు ఆదివారానికి మారింది. గుర్వయ్యకు మాత్రం రాజ్యం మారినా సెలవునాటి పని మారలేదు. పొద్దున్నే గట్క తాగి, సలాక భుజాన వేసుకుని పాటిగడ్డ ఎక్కడమే. ఎప్పుడో ఊరుండి, ఎందుకో పాడైపోయిన దిబ్బ ఇది. బూడిద రంగు మన్ను, ఎక్కడ గీకినా పెంకులు, పూసలు, ఎముకలు. రైతులు బండ్లతో ఆ మన్ను చేలకు తోలుకుపోతారు, వాళ్లకు కావలసింది బలం. గుర్వయ్యకు కావలసింది బిళ్లలు. రాగి బిళ్లలు, సీసం బిళ్లలు, నసీబు బాగుంటే చిటికెన వేలి గోరంత వెండి. అమ్మడు. ఎవరికీ ఇవ్వడు. చింతపండుతో తోమి, రేకు డబ్బాలో పత్తి పరిచి పెట్టుకుంటాడు. "నా కాళ్లకు ఒక్క వెండి పట్టా లేకపాయె, ఈయన సచ్చిపోయినోళ్ల పైసలకు పరుపేస్తడు" అని భార్య యాదమ్మ వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. చెప్పనీ. మట్టిలో ఏముందో చూడకుండా చెప్పగలగడం ఎంత సంతోషమో ఆమెకెలా తెలుస్తుంది. రాయి ఠక్కుమని అక్కడే చస్తుంది. పెంకు మొద్దుగా పలుకుతుంది. ఇనుము కొంచెం సాగుతుంది. వెండి చెవికి రాదు, దవడ ఎముకలోకి వస్తుంది, సన్నగా, పంటి కింద చల్లటి నీళ్లు తగిలినట్టు. మొదటిసారి అది తెలిసిన నాడు ఇంటికి పోయి అన్నం కూడా తినలేదు. ఇప్పుడు ఆకలే లేదు, నోరంతా చేదు.

"ఆగే బఢ్" అన్నాడు సుబేదారు, ముందుకు కదలమని. ఉర్దూ బడిలో పని చేసినందుకు గుర్వయ్యకు ఆ భాష వస్తుంది, రాకపోతే ఎంత బాగుండేది, అర్థం కానట్టు నిలబడేవాడు. ముందు నడుస్తున్న సిపాయి చేతిలో ఒక యంత్రం ఉంది. పొడుగు కర్ర, చివర గుండ్రటి పళ్లెం, వీపుకు పెట్టె, చెవులకు రెండు దొప్పలు. నేల మీద పళ్లెం ఊపుకుంటూ పోతే కింద ఇనుమున్న చోట దొప్పల్లో కూత వినిపిస్తుందట. పెద్ద యుద్ధంలో మందుపాతర్లు వెతికిన యంత్రమని సుబేదారు గొప్పగా చెప్పాడు. కానీ పాటిగడ్డ దాన్ని పొద్దున ఎనిమిది నుంచి ఆడిస్తోంది. ఒకప్పుడు ఇక్కడ ఇనుము కరగబెట్టినవాళ్లు ఉన్నట్టున్నారు, గడ్డ నిండా ఇనుప చిట్టెం, నల్లటి బరువైన గడ్డలు. యంత్రం అడుగడుక్కీ కూసింది. కూసిన చోటల్లా తవ్వారు, పదకొండు గుంతలు, పదకొండింట్లోనూ చిట్టెమే. అప్పుడు ఎవడో చెప్పాడు, చిట్టెమేదో అసలు ఇనుమేదో చెవితో చెప్పేవాడు ఒకడున్నాడని. జీపు వచ్చి ఇంటి ముందు ఆగింది. ఇంత భయంలోనూ, సిగ్గు లేకపోతే సరి, ఒక్కసారి ఆ దొప్పలు చెవులకు పెట్టుకుని చూడాలనిపించింది గుర్వయ్యకు. వెండికి ఎలా కూస్తుందో. తనకు దవడలో వచ్చేది వీడికి చెవిలో వస్తుందా. ఛీ, దొంగ మనసు, మెడ మీద కత్తి పెట్టినా దానికి కావలసింది దానికే కావాలి. సలాక దించాడు. చిట్టెం. "చిట్టెం, సాబ్." ఇంకో అడుగు.

ఎవడు చెప్పి ఉంటాడు? లింగయ్యా? లింగయ్య పక్కనే కూర్చున్నాడు, రెండో బుడ్డి అతనే పోయించాడు. "ఏం దొరికిందిరా పైసల గుర్వా, ఈ వారం?" అని గెలికాడు. ఎప్పుడూ గెలికేదే. ఏం దొరకలేదని చెబితే సరిపోయేది. కానీ మూడు వారాలుగా ఆ శబ్దం తలలో తిరుగుతోంది, ఎవరికో ఒకరికి చెప్పకపోతే పేగులు తెగేలా ఉంది. ఈ గడ్డ మీద ఏ మూల ఏముందో అతనికి కంఠతా. కొత్తగా ఒక మేకు పడినా తెలుస్తుంది. "దొరుకుడు గాదు లింగా, ఇన్న. కొత్త ఇనుము. పోయిన నెల లేదు, ఇప్పుడున్నది. ఒకటి గాదు, జోడు. పక్కపక్కన రెండు. పాటిగడ్డ మీద ఎవడో ఏందో దాచిండు" అన్నాడు, అనడమే కాదు, గోడకు బుడ్డి ఆనించి కొట్టి, చెవి పెట్టి, ఎలా విన్నాడో చేసి కూడా చూపించాడు. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. ఎక్కడో మాత్రం చెప్పలేదు, అంత మాత్రం తెలివి మిగిలింది. ఇంటికి నడుస్తుంటే, కల్లు దిగుతుంటే, అప్పుడు తట్టింది. పక్కపక్కన రెండు ఇనుములు, సైదమ్మ దొడ్డిలో, సైదమ్మ కొడుకు దళంలో. దారి మధ్యలో చెప్పు తీసి తన చెంప మీద తనే కొట్టుకున్నాడు. కొట్టుకుంటే మాట వెనక్కి వస్తుందా.

భిక్షం, సైదమ్మకు ఒక్కడే కొడుకు. రజాకార్లు ఊరి మీద పడి గడ్డివాములు తగలబెట్టిన ఏడు సంఘంలో చేరాడు. రజాకార్లు పోయారు, ఊరి పటేలు తిరిగి వచ్చి దొర భూములు దొరకే అన్నాడు, భిక్షం తిరిగి రాలేదు. పోయిన దసరా ముందు ఒక మునిమాపు వేళ మేనమామ ఇంటికి వచ్చాడు, గడ్డం పెరిగి, పొడుగై. మంచం మీద కూర్చుని రేకు డబ్బా తెరిపించుకున్నాడు. "ఏం దొరికినయి మామా, చూపియ్యి" అని బిళ్లలన్నీ ఒకటొకటి అరచేతిలో వేసుకుని తిప్పాడు. ఏనుగు బొమ్మ ఉన్న సీసం బిళ్ల దగ్గర ఆగి, "గీ ఏనుగును నాకియ్యి మామా, జేబుల పెట్టుకుంట" అన్నాడు. గుర్వయ్య ఇవ్వలేదు. మళ్లీ వచ్చినప్పుడు చూద్దాంలే అన్నాడు. సీసం బిళ్ల, బజారులో చిల్లిగవ్వకు కొనరు, ప్రాణం ఒప్పలేదు. వాడు నవ్వి ఊరుకున్నాడు, రొట్టె మూట కట్టించుకుని పోయాడు. ఆ రోజు నుంచి గుర్వయ్య ఆ బిళ్లను డబ్బాలో పెట్టడం మానేసి అంగీ జేబులోనే ఉంచుతున్నాడు, ఈసారి అడగకముందే ఇవ్వాలని. ఇప్పుడూ ఉంది జేబులో, తొడకు తగులుతోంది. ఎక్కడున్నాడో, ఏ గుట్టల్లో ఏం తింటున్నాడో. తుపాకులు పూడ్చి పోయాడంటే దూరం పోయాడని అర్థం. బతికుండు నాయినా, దూరంగానే ఉండు. "క్యా హై?" "పత్తర్, సాబ్." నిజంగానే రాయి. అబద్ధం చెప్పాల్సిన చోటు ఇంకా రాలేదు.

సైదమ్మ కంప పక్కన నిలబడి చూస్తోంది. పొద్దుటి నుంచి కదల్లేదట. గొర్రెలను మేతకు తోలుకుపోవద్దని సుబేదారు హుకుం. పాపం అవి నాలుకలు బయటపెట్టి ఒకదాని కడుపు కింద ఒకటి తలలు దూర్చుకుంటున్నాయి, ఒంటి నిండా ఉన్ని. శివరాత్రి చలి పోగానే కత్తిరించాల్సిన ఉన్ని ఇంకా ఒంటి మీదే ఉంది. పోయిన ఆదివారమే అడిగాడు, ఇంకా కత్తిరించలేదేం చెల్లె అని. "కత్తెర దొరుకుతలేదన్నా" అంది. చిట్యాల కమ్మరి దగ్గర కొత్తది చేయిస్తానంటే వద్దని తల ఊపింది. ఒక్క మాట ఎక్కువ మాట్లాడదు ఈ మధ్య. ఇదివరకు ఇలా ఉండేది కాదు, సైదమ్మ నోరు విప్పితే ఊరి బావి దాకా వినిపించేది. రజాకార్ల భయానికి ఊళ్లు ఖాళీ చేసి పోయినప్పుడు ఆడవాళ్లంతా కడియాలూ పట్టెడలూ పూడ్చి పోయారు. తిరిగొచ్చేసరికి ఇళ్లు కాలి, గోడలు కూలి, ఎక్కడ పూడ్చారో ఆనవాలు లేదు. అప్పుడు గుర్వయ్య సలాకకు ఎంత గిరాకీ. ఇంటింటికీ పిలిచి తీసుకుపోయారు. సైదమ్మ కడియాలు కాలిపోయిన కొట్టం కింద దొరికాయి. "మా అన్న ఇంటడుల్లా, భూమి గుసగుస పెట్టినా ఇంటడు" అని ఊరంతా చాటి చెప్పింది. ఆ చాటింపే ఈరోజు మిలిట్రీ దాకా పోయింది, పిచ్చిది. ఇప్పుడు తల మీది కొంగు పళ్ల మధ్య పట్టుకుని నిలబడింది. అన్న ముఖంలోకి చూడటం లేదు, సలాక కొసనే చూస్తోంది. ఆమెను తీసుకుపోతే? పక్కింటి పోచయ్య దళానికి రొట్టెలు పంపాడని తీసుకుపోతే పదకొండో రోజు వచ్చాడు. ఈనాటికీ చెంబును రెండు చేతులతో పట్టుకుంటే గానీ నీళ్లు తాగలేడు. మగవాడి సంగతే అలా ఉంటే. ఆలోచన అక్కడిదాకా పోయి మొండికేసింది, ముందుకు పోనంటుంది, వెనక్కీ రాదు.

తూర్పు వాలు వచ్చింది. సగం విరిగిన తిరగలి రాయి. దీని పక్కన రెండడుగుల దూరంలో సలాక దించకూడదు, ఎటో అటు జరగాలి. జరిగాడు. అయినా కాలి కిందే ఉన్నట్టు తెలుస్తుంది, దవడ లాగుతుంది. నాలుగేళ్లయింది. వానకాలం తర్వాత ఒక శుక్రవారం ఇక్కడ వెండి పలికింది, ఒక బిళ్ల కాదు, గుంపు. చేతులతో తవ్వాడు. చిన్న ముంత, మూతి పగిలింది, లోపల నల్లబడ్డ వెండి బిళ్లలు ఒకదానికొకటి అతుక్కుని. ఒక్కటి కూడా తీయలేదు. తిరిగి మన్ను కప్పేశాడు. నిక్షేపం దొరికిందంటే సర్కారుకు చెప్పాలి, చెప్పకపోతే పోలీసు పటేలు తింటాడు, దొర తింటాడు. ఇవన్నీ తనకు తాను చెప్పుకున్న కారణాలు. అసలు సంగతి వేరు. లోకంలో ఒక్కడికే తెలిసిన చోట అది అలా ఉండటమే బాగుంది. ప్రతి సెలవునాడూ గడ్డ దిగే ముందు ఇక్కడ సలాక దించి, ఒక్కసారి కొట్టి, విని పోతాడు. బిడ్డ నిద్రపోయిందా అని తొట్టెలోకి చూసినట్టు. యాదమ్మకు తెలిస్తే ఇల్లు పీకి పందిరి వేస్తుంది. బుద్ధిలేని పని అని అతనికీ తెలుసు. అన్నీ బుద్ధి గల పనులే చేస్తే చప్రాసీకి ఆదివారం ఎందుకు. యంత్రం సిపాయి తిరగలి రాయి దాటిపోయాడు, చిట్టెం కూతల్లో వెండి కూత వాడికి తెలియలేదు. గుర్వయ్యకు లోపల ఎక్కడో గర్వం, వెంటనే ఆ గర్వం మీద అసహ్యం. ముందు దొడ్డి కనిపిస్తోంది.

కంప తీయించారు. గొర్రెలు బెదిరి మూలకు ఒరిగాయి. ఎవరైనా గడ్డ మీద దొడ్డి పెడతారా? నీళ్లకు అర కోసు నడవాలి. శివరాత్రి పోయాక సైదమ్మ ఉన్నట్టుండి దొడ్డిని ఇక్కడికి మార్చింది. ఎందుకని అప్పుడు అడగాలని తోచలేదు. ఇప్పుడు తెలుస్తోంది, నూరు గొర్రెలు తొక్కితే తవ్విన మన్ను, తవ్వని మన్ను ఒక్కటైపోతుంది. తెలివైనదే. యంత్రం పళ్లెం పేడ మీదుగా ఊగుతూ పోయింది, నడిమిట్లో ఆగింది, వెనక్కి వచ్చింది, మళ్లీ ఆగింది. సిపాయి దొప్ప సర్దుకుని సుబేదారు వైపు చూశాడు. సుబేదారు గుర్వయ్య వైపు. అక్కడే. మూడు వారాల కింద అతను సలాక దించిన బొక్క, గొర్రెలు తొక్కినా సన్నగా గుంట పడి కనిపిస్తూనే ఉంది, అతని కళ్లకు. చిట్టెమని చెప్పాలి. మాట తడబడకూడదు. రెప్ప కొట్టకూడదు. పాత బొక్కలోకే సలాక దించాడు. మూరన్నర దిగింది. ఏదో ఒత్తుగా, బట్టలా అడ్డం వచ్చింది, దాని కింద గట్టిగా తగిలింది. కొట్టాడు. చెవి ఆనించాడు.

ఒకటి పలికింది. దాని వెనకే, రవ్వంత ఆలస్యంగా, సన్నగా ఇంకొకటి వణికింది. పక్కపక్కన రెండు, అనుకున్నాడు అప్పుడు. రెండు కాదు. ఒకదానికొకటి కట్టుబడి ఉన్నవి. ఒకదాన్ని కొడితే రెండోది తనంతట వణికేది. ఇది ఎక్కడో విన్నాడు. బిళ్లలు వెతకడం మొదలుపెట్టకముందు, బడి గంట పట్టకముందు, చాలా ముందు. ఫాల్గుణమాసం పొద్దున, బాపు గొర్రెను ఒళ్లోకి వెల్లకిలా వేసుకుని, మోకాలితో అదిమి, కత్తెరను ఒకసారి రాతి మీద తట్టేవాడు, దుమ్ము రాలడానికి. ఒక రేకు పలికేది, దాని వెంబడి మేకు వదులైన రెండో రేకు వణికేది. ఉన్ని కత్తెర. ఇంటి కత్తెర. కురుమ పుట్టుక పుట్టి, ఆ శబ్దంలో నిద్రలేచి, సీసం బిళ్లకూ రాగి బిళ్లకూ తేడా తెలిసిన చెవికి ఇది తెలియలేదు. తుపాకులట, తుపాకులు. "కత్తెర దొరుకుతలేదన్నా." బాపు చచ్చిపోయినప్పుడు గుంతలో ఆయన రొమ్ము మీద ఆయన కత్తెర పెట్టారు. వాళ్ల ఇంట్లో పద్ధతి అది, ఉన్ని కోసిన మగవాడు పోతే అతని కత్తెర అతనితో పోతుంది, అక్కడ చేతులు ఊరికే ఉండకూడదని. ఆ కత్తెర పెట్టింది గుర్వయ్యే. ఆ ఇంట్లో ఆయన తర్వాత కత్తెర పట్టిన మగవాడు ఆయన మనవడు ఒక్కడే. సలాక కొస కింద బట్ట. బట్ట కింద. గుర్వయ్య చేయి పిడి మీదే బిగుసుకుపోయింది, తీస్తే తగులుతుందేమో, కదిపితే నొప్పి పెడుతుందేమో. దీన్నేనా తను కల్లు దుకాణంలో గోడకు బుడ్డి ఆనించి ఆడి చూపించింది. నవ్వించింది.

తలెత్తాడు. సైదమ్మ ఇప్పుడు సలాక కొసను చూడటం లేదు, అన్న ముఖంలోకి చూస్తోంది. ఇంత దూరం నుంచి కూడా ఆ చూపు తెలిసింది. అతను విన్నాడని ఆమెకు అర్థమైంది. "క్యా హై?" అన్నాడు సుబేదారు. "చిట్టెం, సాబ్." గొంతు బాగానే వచ్చింది. సుబేదారు నమ్మలేదు. ఇంతసేపు చెవి పెట్టి విన్న చిట్టెం ఏమిటన్నాడు. పార ఉన్న సిపాయికి వేలితో చూపించాడు, ఇక్కడ తవ్వు. సిపాయి చేతుల్లో ఉమ్మి రుద్దుకుని పార ఎత్తాడు. ఎత్తిన పార ఎండకు మెరిసింది. ఇంకేం లేదు, ఒక్క క్షణం, ఒక్క మాట. ఏ మాట? నోరు చేసిన పనిని నోరే చక్కబెట్టాలి. గుర్వయ్య సలాక లాగేసి సుబేదారు కాళ్ల మీద పడ్డాడు.

"సాబ్, నేను అబద్ధమాడిన. కల్లు దుకాణంల నేను ఇనుమన్నది ఇనుము గాదు. వెండి. వెండి అంటే ఎవడన్న వచ్చి తవ్వుకపోతడని ఇనుమని చెప్పిన. తుపాకులు లేవు సాబ్, ఏం లేవు. నిక్షేపం ఉన్నది. చూపిస్త, రాండ్రి."

ఉర్దూలో మొదలుపెట్టి తెలుగులోకి పడిపోయాడు, మళ్లీ ఉర్దూలో చెప్పాడు. చాందీ అన్న మాట మాత్రం అందరికీ అర్థమైంది. పార కిందికి దిగింది. గుర్వయ్య లేచి ముందు పరుగెత్తినట్టే నడిచాడు, వాళ్లు వెంట వస్తున్నారా అని చూడటానికి కూడా భయం. వచ్చారు. ఎందుకు రారు. తిరగలి రాయి పక్కన కూర్చుని సలాక కూడా అక్కర్లేకుండా వేలితో చూపించాడు. నాలుగు పార్లు మన్ను తీశారో లేదో ముంత బయటపడింది. సుబేదారు ఒక బిళ్లను చొక్కాకు రుద్దాడు, నలుపు పోయి తెల్లగా మెరిసింది. అందరూ దాని చుట్టూ వంగారు, యంత్రం సిపాయి దొప్పలు మెడలోకి దించి వంగాడు. నాలుగేళ్ల ముచ్చట. గుర్వయ్య, అది పోతున్నదన్న బాధ తనకు వస్తుందేమోనని చూసుకున్నాడు, రాలేదు, వచ్చే చోటు ఖాళీ లేదు. సుబేదారు లేచి చెంప మీద ఒక్కటిచ్చాడు, సర్కారు సొమ్ము దాచినందుకు, పొద్దుటి నుంచి మిలిట్రీని ఎండలో తిప్పినందుకు. రేపు పొద్దున క్యాంపుకు వచ్చి జరిగిందంతా బయాన్ రాసివ్వాలి. బడివాళ్లకు కూడా రాస్తాను, నౌకరీ సంగతి వాళ్లు చూసుకుంటారు. "జీ సాబ్" అన్నాడు. ఇంకో రెండు కొట్టినా జీ సాబ్ అనేవాడు. ముంతను తువ్వాలలో కట్టారు. గీతలు గీసిన సున్నం బుట్ట మరిచి జీపెక్కారు. దుమ్ము బెజవాడ రోడ్డు దాకా సాగి, అక్కడ విడిపోయింది.

తిరిగి దొడ్డి దగ్గరికి నడవడానికి చాలాసేపు పట్టింది. ఉన్నది నూరడుగులు కూడా కాదు. సైదమ్మ అప్పటికే కంప మూసి లోపల నిలబడింది, సరిగ్గా దాని పక్కన. ఏం అడగాలి, ఎలా అడగాలి.

"ఎప్పుడు?" అన్నాడు చివరికి.

"శివరాత్రి పోయిన నాలుగో దినం. గుట్టల కాడ గుండు తగిలిందట. ఇద్దరు మోసుకొచ్చిన్రు, నన్ను లేపి చెప్పి పోయిన్రు. వాళ్లకు నిలబడే యాళ్ల లేదు." కొంగు ఇంకా పళ్ల మధ్యే ఉంది, మాట దాని వెనక నుంచి వస్తోంది. "గుంత నేనే తీసిన. బాపుకు పెట్టినట్టె కత్తెర పెట్టిన. తెలిస్తె తీస్తరన్నా. తీసి, బండి మీదేసి ఊరూరు తిప్పి చూపిస్తరు. అందుకె ఏడ్వలె గూడ."

"నాకన్న చెప్పకపోతివి."

"ఎట్ల చెప్పుదు? నీ నోరు నాకెరుకలేదా." కోపంగా అనలేదు. ఎండ ఎక్కువైంది అన్నట్టు అంది. గుర్వయ్య అక్కడే పేడ మీద కూలబడ్డాడు. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. ఆమె మాత్రం ఏడవలేదు. గొర్రెలు మెల్లగా చెదిరి వచ్చి మళ్లీ వాళ్ల చుట్టూ నిలబడ్డాయి, ఉన్ని బరువుకు రొప్పుతూ. కొంచెం సేపటికి సైదమ్మ అతని ముందు కూర్చుంది. అతని చేతిలోని సలాకను చూసింది.

"మొన్న గాలివానకు ఈడ మన్ను జర కుంగిందన్నా. నక్కలు తిరుగుతున్నయి. దినాం పొద్దుగాల లేసి సూస్త, పైకి ఏం తెల్వది. లోపట ఎట్లున్నదో నాకేం తెలుసు." మన్నును అరచేత్తో చదును చేసింది. "నువ్వు ఇంటవు గద. ఒక్కసారి ఇను. ఉన్నడా?"

గుర్వయ్య పాత బొక్కలోకి సలాక దించాడు, బరువు పడకుండా రెండు చేతులతో పైకి పట్టుకుంటూ, గోరు గోరుగా. తగిలీ తగలకుండా ఆపాడు. చింతకర్ర ముక్క తిరగలి రాయి దగ్గరే పడిపోయింది. జేబులో చెయ్యి పెడితే ఏనుగు బిళ్ల దొరికింది. దానితో కొట్టాడు. సీసం మెత్తన, దెబ్బ మెత్తగా పడింది. కింద ఒక రేకు పలికింది, దాని వెనక రెండోది వణికింది.

"ఉన్నడు చెల్లె" అన్నాడు.

సైదమ్మ అతన్ని జరగమంది. ముందుకు వంగి, కొంగు పళ్ల మధ్య నుంచి వదిలేసి, వెదురు పిడికి చెవి ఆనించింది. గుర్వయ్య మళ్లీ కొట్టాడు. ఆమె కళ్లు మూసుకుంది. తల ఎత్తకుండానే చెయ్యి ఎత్తి, ఇంకోసారి అన్నట్టు వేలు చూపించింది. అతను కొట్టాడు.